గొట్టం ఎక్కని నీళ్ళు

1. బుధవారం

హైమవతి ఆఖరి రోజు సంగతి ముందు రాసేస్తాను. మళ్ళీ దాని గురించి రాయను.

పొద్దున టీ సగం తాగి, మిగతా సగం నాకు వదిలింది. రోజూ అంతే. గొయ్యిలోకి దిగే దుస్తులు వేసుకుంటూ అమ్మాయి గది తలుపు కొట్టి, "విపంచీ, నిద్రపోతున్నావా, నటిస్తున్నావా?" అని అడిగింది. లోపలి నుంచి జవాబు రాలేదు. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

చీకటి గొయ్యి మా తెల్లగుట్టకు దక్షిణాన ఉంది. చంద్రుడి మీద ఈ మూల సూర్యుడు అస్తమించడు. కొండల అంచు పట్టుకుని ఊరి చుట్టూ దొర్లుతుంటాడు. గొయ్యి అడుగుకు మాత్రం ఎండ ఎన్నడూ చేరలేదు. అందుకే అక్కడ మంచు మిగిలింది. ఏ గోడలో మంచు ఉందో చూసి కోయడం హైమ పని. దాన్ని కరిగించి, వడగట్టి, గొట్టాల్లో ఊరికి పంపడం నా పని.

ఆ రోజు తూర్పు గోడలో ఒక దిమ్మ కోసింది. మనిషి ఎత్తు. ఒక్క దుమ్ము గీత లేదు. ఇంత శుభ్రమైన మంచు ఈ గొయ్యిలో చూడలేదని రేడియోలో చెప్పింది. మంచు లాగే జారుబండి మీదికి ఎక్కించి తనే తాడు కట్టింది. తర్వాత పైన కప్పీ దగ్గర ఉన్న జలీల్‌తో, "కాళ్ళు మొద్దుబారుతున్నాయి, కాసేపు కూర్చుంటా" అంది. దుస్తుల్లో వేడి తీగ తెగిపోయిందని మాకు తర్వాత తెలిసింది. జలీల్ దిగేసరికి దిమ్మకు వీపు ఆనించి కూర్చుని ఉంది.

తెల్లగుట్టలో ఎవరు పోయినా ఆ రోజే తిరుగు గదికి పంపుతారు. ఒంట్లోని నీరు ఊరి తొట్టికి, మిగిలింది మొక్కల మడులకు. కాగితం మీద సంతకం నీటి అధికారిది. అంటే నాది. పెట్టాను. విపంచి తలుపు దగ్గర నిలబడి చూసింది. దానికి పదహారేళ్ళు.

దిమ్మను కదిలించవద్దని జలీల్‌కు చెప్పాను. చిట్టాలో 'నమూనా' అని రాశాను. నమూనాలను కరిగించరు.

2. శనివారం

విపంచి నీళ్ళు తాగడం లేదు. పెదవులు పగిలాయి. గ్లాసు నింపి ముందు పెట్టాను.

"ఇందులో అమ్మ ఉందా?"

"ఊరి తొట్టి చాలా పెద్దది."

"నేనడిగింది అది కాదు నాన్నా."

నేను చదివిన రసాయనశాస్త్రంలో ఆ ప్రశ్నకు జవాబు ఉంది. చెప్పలేదు.

సాయంత్రం ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పిండిమర వరుస దాకా వెళ్ళాను. అక్కడ ఐదు యూదుల ఇళ్ళున్నాయి. పెద్దలది బాపట్ల వైపు అంటారు. చివరి ఇల్లు ఏలీయా గారిది. బడిలో మా విపంచికి చదువు చెప్పినవాడు. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా దుమ్ము. మాట్లాడితే ఆయాసం. ఆయన ఎదురుగా అమ్మాయి కూర్చుని ఉంది, చేతిలో కప్పు.

"తాగవే అమ్మాయ్" అంటున్నాడు. "ప్రాణం నిలబెట్టటానికి మా నియమాలన్నీ పక్కన పెట్టొచ్చు. నీది నియమం కూడా కాదు, పంతం."

"తాగేముందు ఏదో అన్నారుగా. ఏమిటది?"

"అన్నీ పైనున్న ఆయన మాటతోనే కలిగినయ్యని."

"నీళ్ళు కూడా?"

"నీళ్ళు కూడా. మీ అమ్మ కూడా."

తాగింది. ఒక్క గుక్కలో. ఏలీయా గారి కోడలు రిబ్కా మళ్ళీ నింపింది. అప్పుడు నన్ను చూసి, "రండి అన్నయ్య గారూ, అట్టా గుమ్మంలోనే నిలబడ్డారేంది?" అంది.

నేను లోపలికి వెళ్ళలేదు.

3. శుక్రవారం

నెలన్నరగా రోజూ అక్కడికే వెళ్తోంది. ఇవాళ తీసుకురావడానికి వెళ్తే, సబ్బాతు, అంటే వాళ్ళ విశ్రాంతి రోజు, దీపాలు పెట్టే వేళ అయింది, కూర్చోక తప్పలేదు. ఇక్కడ సూర్యాస్తమయం లేదు కాబట్టి బాపట్లలో పొద్దు గూకే వేళను వీళ్ళు గడియారంలో పెట్టుకున్నారు. ఆ వేళకు రిబ్కా పొయ్యి ఆపి, రెండు దీపాలు వెలిగించి, కళ్ళు మూసుకుంది. నిప్పు ఊళ్ళో నిషేధం. అవి బ్యాటరీ దీపాలు.

విపంచి ప్రశ్నలు ఆపదు.

"తాతా, మీకు నెలపొడుపు చూసి కదా కొత్త నెల? చంద్రుడి మీద కూర్చుని చంద్రుణ్ణి ఎలా చూస్తారు?"

"ఆ రోజు ఇక్కడి నుంచి చూస్తే భూమి నిండుగా ఉంటది. కిందోళ్ళు మమ్మల్ని వెతుక్కుంటారు, మేం వాళ్ళని చూసుకుంటాం."

"పాలకీ మాంసానికీ వేరు గిన్నెలన్నారు. ఇక్కడ మాంసమే దొరకదుగా. రెండో గిన్నె ఎందుకు?"

"మా మామగారి ఆశ" అంది రిబ్కా.

"దొరికిన రోజు గిన్నె లేదనుకో, ఎంత బాధ!" అన్నాడు ఏలీయా. దగ్గుతూనే నవ్వాడు.

వాళ్ళు తమవాళ్ళను తిరుగు గదికి పంపరు. దుమ్ములో పూడుస్తారు. ఆ నీటికి బదులుగా ప్రతి ఒక్కరూ చిన్నప్పటి నుంచి రోజూ ఒక గుక్క తమ వాటాలోంచి ఊరి తొట్టికి వదిలేస్తారు. ఆ గుక్కలు జమ వేసుకునేవాణ్ణి నేనే. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఇంటికి వస్తుంటే విపంచి అంది: "ఎవరైనా పోతే ఏడు రోజులు నేల మీద కూర్చుంటారట నాన్నా. ఇరుగుపొరుగు వచ్చి అన్నం పెడతారట. మనం మర్నాడే పనికి వెళ్ళాం."

"పంపు ఆగిపోయేది."

"తెలుసు" అంది.

4. మంగళవారం

యూదురాలిగా మారతానని అడిగిందట. ఏలీయా పొమ్మన్నాడు. వారం తర్వాత మళ్ళీ అడిగితే మళ్ళీ పొమ్మన్నాడు. మూడోసారి నా ముందే జరిగింది. నన్ను ఆయనే పిలిపించాడు.

"మాలో చేరితే ఏమొస్తదే? ఆరొందల పదమూడు ఆజ్ఞలు నెత్తినెక్కుతయ్. ఊళ్ళో పిల్లలు ఇప్పటికే ఎగతాళి పట్టిస్తన్నారంట."

"సబ్బాతు సుందరి అంటున్నారు."

"పేరు బాగానే ఉందిగా." ఊపిరి అందుకున్నాడు. "నిజం చెప్పు. మీ అమ్మ కోసం వస్తన్నావా?"

"మొదట అందుకే వచ్చా. అమ్మ ఎక్కడుందో మీకు తెలుసేమోనని."

"నాకు తెలవదు."

"మీకు తెలియదని మొదటి రోజే అర్థమైంది. అయినా వస్తున్నా. ఇక్కడ అడిగితే ఎవరూ ఊరుకోమనరు. జవాబు లేకపోతే లేదంటారు, మళ్ళీ అడగమంటారు. మా ఇంట్లో…" నా వైపు చూసి ఆగిపోయింది.

ఏలీయా దగ్గు ఆపుకుని, "ఏడాది చదువు. అప్పుడు కూడా ఇదే మాట మీదుంటే చూద్దాం" అన్నాడు.

అమ్మాయిని బయటికి పంపి నేనొక ప్రశ్న అడిగాను. మారినవాళ్ళకు కొత్త పేరు పెడతారని, తల్లిదండ్రుల పేర్లు చెప్పాల్సిన చోట అబ్రాహాము, శారా అని చెబుతారని ఎక్కడో చదివాను. నిజమేనా?

"నిజమే."

"ఆ పేరులో హైమవతి ఉండదు."

"ప్రార్థనలో పిలిచే పేరది. తల్లిని తలుచుకుని దీపం పెట్టే రోజు తల్లి పేరే చెప్తది. తల్లినీ తండ్రినీ గౌరవించమన్న ఆజ్ఞ ఎక్కడికీ పోదు ముకుందం గారూ. మీరు వద్దంటే ఇప్పుడే ఆపేస్తా. మా లెక్కలో పిల్ల పెద్దదే, కానీ మీ లెక్క కూడా నాకు కావాలి."

వద్దనడానికే వెళ్ళాను. "చదవనివ్వండి" అని వచ్చాను. భార్యను పంపేశాను, ఇప్పుడు కూతుర్ని పంపుతున్నానా? ఈ వాక్యం కొట్టేద్దామనుకున్నాను. ఉండనిస్తున్నాను.

5. ఆదివారం

ఏడాది దాటింది. విపంచి వాళ్ళ హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు గడగడా చదువుతోంది. శనివారం దీపం బొత్తాం కూడా నొక్కదు. ఇంట్లో మాట్లాడుతోంది. మధ్యాహ్నం నా కంచంలో అప్పడం విరిచి సగం తీసుకుంది, వాళ్ళమ్మ తీసుకున్నట్టే.

రెండు సంగతులు ఒక్కసారే వచ్చిపడ్డాయి.

గొయ్యి మూసేస్తున్నారు. గోడల్లో ఇక మంచు లేదు. తవ్వే యంత్రం ఉత్తరపు ఊరికి వెళ్తుంది.

ఏలీయా గారు మంచం దిగడం లేదు. ఆయన కొడుకు నాతాను పంపు గదికి వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"మతంలోకి తీసుకోవటానికి ధర్మం చదువుకున్న పెద్దలు ముగ్గురు ఉండాలి సార్. నాన్న, నేను, పిండిమర బారూకు. నాలుగోవాడు ఈ ఊళ్ళో లేడు. భూమి నుంచి ఓడలో ఎవరన్నా వస్తారంటే, ఓడ ఎప్పుడొస్తదో మీకే తెలియాలి."

నాకూ తెలియదు.

"నాన్న ఈ వారం దాటతాడని డాక్టరమ్మ అనటం లేదు. ప్రశ్నలన్నీ అడిగేశారు. పిల్ల బాగా చెప్పింది. ఇక నీళ్ళలో ములగటమే మిగిలింది. మా ఇంటి వెనక రాతిలో గుంట తొలిచి పెట్టా. తిరుగు నీళ్ళు పనికిరావు సార్. గొయ్యి నీళ్ళు కావాలి."

ఊరి పెద్ద ఈశ్వరి గారిని అడిగాను. "మునిగాక ఆ నీళ్ళు మళ్ళీ తొట్టిలోకేగా? తీసుకోండి" అంది.

గొయ్యి ముఖం దగ్గర కోసి పెట్టగా మిగిలిన మంచు అంతా కరిగించే పొయ్యికెత్తించాను. మామూలుగా ఒకసారి వడగడతాం. నేను రెండుసార్లు వడగట్టించాను. పంపుతో తొట్టికి ఎక్కించి, గొట్టం నేనే స్వయంగా కడిగి, గుంట నింపాను. అడుగున పడిన సూది కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. ఏడాది మొత్తంలో ఇంత జాగ్రత్తగా ఏ పనీ చేయలేదు.

6. సోమవారం

ఏలీయా గారిని కుర్చీలో మోసుకొచ్చారు. విపంచి తల విరబోసుకుని రిబ్కా పక్కన నిలబడింది. ఆయన వంగి నీళ్ళలో వేలు పెట్టి, నన్ను అడిగాడు.

"ఎట్టా వచ్చినయ్యి?"

"గొట్టంలో."

"గొట్టానికి ముందు?"

"చిన్న తొట్టిలో."

"తొట్టికి ముందు?"

"పంపు. అంతకు ముందు జల్లెడ. రెండుసార్లు."

కళ్ళు మూసుకున్నాడు. "బాగా చేశారయ్యా. చానా బాగా చేశారు. అందుకే చెల్లవు."

నాతాను ముందుకు వచ్చాడు. "నేను సరిగ్గా చెప్పలేదు నాన్నా. గొయ్యి నీళ్ళన్నానే గానీ…"

మనిషి తోడిపోసిన నీరు పనికిరాదట. పాత్రలో నిలిచి వచ్చిన నీరు పనికిరాదట. వాన కావాలి, లేదా ఊట. ఇక్కడ రెండూ లేవు. మంచుకు మాత్రం వీలుంది. గడ్డగానే తెచ్చి గుంటలో పెట్టాలి. అక్కడే, దానంతట అది కరగాలి. ఒకసారి తోడిన నీళ్ళను మళ్ళీ గడ్డ కట్టించి తెచ్చినా ఆయన ఒప్పుకోడట.

ఇరవై ఏళ్ళుగా ఈ ఊరికి నీళ్ళిస్తున్నాను. నీరు శుభ్రం కావాలంటే గొట్టంలో పెట్టాలి. అంతకు మించి నాకు తట్టలేదు. ఇంకెవరైనా అయితే మంచు గడ్డలు తెచ్చి పడేసేవారేమో.

"ఇంకా మంచుందా నాన్నా?" అని విపంచి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. జుట్టు ముడి వేసుకుని, తాత కుర్చీ ఒక వైపు పట్టుకుంది.

7. మంగళవారం, పొద్దున

నేనూ జలీల్ గొయ్యంతా వెతికాం. పడమటి గోడ గీకాం. దుమ్ముతో కలిసిన పెళ్ళలు దొరికాయి. కరిగిస్తే బురద. ఉత్తరపు ఊరివాళ్ళతో రేడియోలో మాట్లాడాను. మంచు ఉందిగానీ, తేవడానికి బండి వచ్చే వారం గానీ దొరకదన్నారు. బతిమాలాను. నేను ఎవరినీ బతిమాలే మనిషిని కాదు. అవతలివాడు కూడా ఇబ్బంది పడ్డాడు.

గొయ్యి అడుగున లాంతరు పట్టుకుని నిలబడ్డాం.

"సార్, ఒకటుంది" అన్నాడు జలీల్.

"ఉంది" అన్నాను.

ఇద్దరికీ వెలుగు పడని మూల తెలుసు. వాడు పైకి వెళ్ళాక నేను దాని దగ్గరికి వెళ్ళాను. ప్రతి బుధవారం వెళ్తాను. బండి అలాగే ఉంది. తాడు అలాగే ఉంది, హైమ వేసే జంట ముడి. దిమ్మకు ఒక వైపు, నేలకు కాస్త పైన, మంచు లోపలికి పోయి ఉంటుంది. చల్లబడే ముందు ఆమె వీపు వేడికి అయిన పల్లం అది. వీపు అంత వెడల్పే ఉంటుంది. ఆమెది ఇంకేదీ నా దగ్గర లేదు. బట్టలు ఊరి బీరువాకు వెళ్ళాయి. ఒళ్ళు తొట్టికి వెళ్ళింది.

ఈ దిమ్మ తప్ప ఏదైనా ఇస్తాను అని గట్టిగానే అన్నాను. దుస్తుల లోపల నా గొంతు నాకే వినిపించింది.

7. మంగళవారం, మధ్యాహ్నం

పై అంకె మళ్ళీ ఏడే వేశాను. దిద్దను.

ఇంటికి వచ్చేసరికి విపంచి వంటగదిలో గిన్నె తోముతోంది. ఒకటే గిన్నె, తోమిందే తోముతోంది.

"నీకు తెలుసుగా" అన్నాను.

"ఏమిటి?"

"గొయ్యిలో ఏముందో."

"జలీల్ మామ ఎప్పుడో చెప్పాడు. నువ్వు బుధవారాలు ఎక్కడికి వెళ్తావో కూడా."

"మరి అడగవేం?"

గిన్నె కింద పెట్టింది. "అడిగితే ఇస్తావు. అందుకే అడగను."

"తాత పోతే?"

"పోతే ఆగుతాను. ఓడ వచ్చేదాకా. రాకపోతే రాకపోయేదాకా." పళ్ళు బిగించి చెప్పి, గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నేను మారకపోయినా తాత నన్ను ప్రశ్నలు అడగనిచ్చాడు నాన్నా. అది చాలు అనుకుంటున్నా. చాలడం లేదు. ఏం చెయ్యను? నేను ఏ లెక్కలోనూ లేను. ఇక్కడ నీళ్ళ లెక్కలో ఉన్నా. అమ్మ కూడా అందులోనే ఉంది. మనుషుల లెక్కలో ఎవరైనా నన్ను వేసుకోవాలి."

"నా లెక్కలో ఉన్నావు."

"నువ్వు నాతో ఏడాది మాట్లాడలేదు."

నిజానికి మాట్లాడాను. వాల్వుల గురించి, భోజనం గురించి. ఆమె అన్నది వాటి గురించి కాదు.

8. మంగళవారం, సాయంత్రం

రిబ్కా పరుగున వచ్చింది. మామగారు రమ్మంటున్నారని.

మంచం పక్కన గాలి గొట్టం బుసలు కొడుతోంది. ఏలీయా గారి గోళ్ళు నీలంగా ఉన్నాయి. నాతాను, బారూకు గోడకు ఆనుకుని నిలబడ్డారు. బారూకు పిండిమర నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కనుబొమల మీద పిండి. విపంచి నేల మీద కూర్చుని మంచం కోడు పట్టుకుంది.

"ముకుందం గారూ, జలీల్ వచ్చిపోయాడు" అన్నాడు. ఒక్కో మాటకు ఆగుతున్నాడు. "చెప్పాడు. అడగటానికి పిలవలేదు. అడగొద్దని చెప్పటానికి పిలిచా. పిల్లకి చెప్పా, మీకూ చెప్తున్నా. చచ్చినోళ్ళ గుర్తు లాక్కుని కట్టే ధర్మం మాకొద్దు. ములగకపోయినా ఈ పిల్ల ఏందో ఆయనకి తెలుసు."

"మీరు లేకపోతే ముగ్గురు ఉండరు."

"ఉండరు."

"దాని పేరు కూడా ఎక్కడా ఉండదు."

"ఉండదు."

నేను నీటి మనిషిని. నాకు వచ్చిన ప్రశ్నే అడిగాను. "గుంట నిండాలంటే ఎంత మంచు కావాలి? ఆ దిమ్మ ఒక్కటే ఉంది. అది కరిగితే నడుము లోతే వస్తుంది. మనిషి పూర్తిగా మునగాలంటున్నారు."

ఆయన కళ్ళు తెరిచాడు. కోడు పట్టుకున్న విపంచి చెయ్యి బిగిసింది.

"మడమ నుంచి నడుముదాకా వస్తే చాలు, కొలత సరిపోద్ది. అంత నీరు దానంతట అది నిలిచాక, ఆ పైన మీ గొట్టాల నీళ్ళు ఎన్నయినా పోసుకోండి. అందులో కలిసినయ్యన్నీ అదే అయిపోతయ్."

"తిరుగు నీళ్ళయినా?"

"తిరుగు నీళ్ళయినా. దాన్ని ముట్టుకుంటే చాలు."

విపంచి నా వైపు చూసింది. ఆ చూపు నేను ముందు ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. గ్లాసు ముందు పెట్టిన రోజు.

"ఊరి తొట్టి నుంచి గొట్టం వేస్తాను" అన్నాను. "తొట్టి పెద్దదే. అయినా అందులో అమ్మ ఉంది."

ఏడాది ఆలస్యంగా చెప్పాను. విపంచి ముఖం మంచం దుప్పటిలో దాచుకుంది. ఏలీయా గారి చెయ్యి దాని తల మీద పడింది, బరువుగా, ఎత్తలేక.

"ఎప్పటికి కరుగుద్ది సార్?" అని నాతాను అడిగాడు.

"ముక్కలు చేసి, గది వేడి పెంచితే గురువారం సాయంత్రానికి."

"శుక్రవారం దీపాలకి ముందే" అంది రిబ్కా, ఎవరితోనో కాక తనతోనే.

"ఉంటారా?" అని ఏలీయాను సూటిగా అడిగాను. అడగాల్సిన మాట కాదు. కానీ ఇచ్చిన తర్వాత ఆయన లేకపోతే నేను తట్టుకోలేను.

పెదవి వంకర తిరిగింది. నవ్వే. "గురువారం దాకా చావటం ఆజ్ఞకి విరుద్ధమని రాసిపెట్టుకోండి, ఆరొందల పద్నాలుగోది" అన్నాడు. ఆ మాట పూర్తి కావడానికి చాలాసేపు పట్టింది. డాక్టరమ్మ నన్ను బయటికి తీసుకెళ్ళి, ఏమీ చెప్పలేనంది.

ఉంటాడో లేదో తెలియదు. దిమ్మను ఉంచుకున్నా ఆయన ఉండకపోవచ్చు. దిమ్మ కరిగినా ఉండకపోవచ్చు. ఆ రెండోది జరిగితే నాకు ఏమీ మిగలదు, విపంచికీ మిగలదు. అయినా గుంట దగ్గర అది ఒక్కతే నిలబడకూడదు.

చిట్టాలో 'నమూనా' అన్న మాట కొట్టేసి, 'మంచు' అని రాశాను.

రేపు బుధవారం. పొద్దున జలీల్ కంటే ముందే గొయ్యిలోకి దిగుతాను. తాడు కొయ్యను, హైమ వేసిన ముడి విప్పుతాను. దిమ్మ ఊళ్ళోకి వచ్చే గాలి తలుపులో పట్టదు, అక్కడే మూడు ముక్కలు చేస్తాను. బండి నేనే లాగుతాను. గుంటలోని నా నీళ్ళు తొట్టికి తోడేస్తాను. ఆమె వీపు ఆనిన ముక్కను అన్నిటికంటే చివర, పల్లం పైకి ఉండేలా గుంటలో పెడతాను. తర్వాత ఇంటికి వచ్చి, విపంచిని లేపి, దాని పక్కన నేల మీద కూర్చుంటాను.